మొద్దు

మా తమ్ముణ్ణి మొద్దు అని మొదట పిలిచింది నేనే. బడిపంతులు తర్వాత పిలిచాడు. ఊరు మమ్మల్నందర్నీ కలిపి ఎప్పట్నుంచో ఆ మాట అంటానే ఉంది, దాని లెక్క వేరు. ఊరి సంగతి చెప్పాల్సింది ఉంది, చెప్తాను. ముందు నా సంగతి చెప్పుకోకపోతే ఈ రాత అబద్ధం అవుద్ది.

మాది చీరాల పక్క ఊరు. ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు, అప్పుడు ప్రకాశం. ఊరికి తూర్పున మాదిగపల్లె. మా నాయన ఒక ఆసామి దగ్గర జీతం. పగలంతా గొడ్డుచాకిరీ చేసి, రాత్రి హరిశ్చంద్ర నాటకంలో వీరబాహుడి వేషం కట్టేవాడు. పొలంలో వంగిన నడుం కాటిసీనులో నిటారుగా నిలబడేది. రిహార్సల్సు మా ఇంటి ముందు వేపచెట్టు కింద. హార్మోనియం పెట్టె పక్కన మా తమ్ముడు చతికిలబడి కూచునేవాడు. ఎనిమిదేళ్ళకే వాడికి నాటకం మొత్తం వచ్చు. ఒక వేషం కాదు, అన్ని వేషాలూ. కాటిసీనులో పాడే జాషువా శ్మశానవాటిక పద్యాలు వాడు రాగం తీసి అందుకుంటే ముసలోళ్ళు చుట్టలు ఆర్పి వినేవాళ్ళు. ఎవరన్నా పద్యం నడిమధ్యలో మర్చిపోతే చీకట్లోంచి వాడి గొంతు అందిచ్చేది.

అదే పిల్లోడు బళ్ళో 'పలక' రాయమంటే 'పకల' అని రాసేవాడు. తన పేరులో అక్షరాలు తిరగేసేవాడు. నిన్న దిద్దిన అక్షరం వాడికి ఇయ్యాళ కొత్త ముఖం. చూసి రాయమంటే బొమ్మ గీసినట్టు చక్కగా రాస్తాడు, రాసింది చదవమంటే గోడ వంక చూస్తాడు. ఐదో తరగతి దాకా ఎట్టా నెట్టుకొచ్చాడంటే చెవులతో నెట్టుకొచ్చాడు. పక్కవాడు చదివేది ఒకసారి విని అప్పజెప్పేవాడు.

ఆరో తరగతిలో దొరికిపోయాడు. తెలుగు మాస్టారు ఒకరోజు తన పద్యాల పుస్తకం తెచ్చి ఒక్కొక్కర్నే లేపి చదివిస్తున్నాడు. మావాడి వంతు వచ్చింది. ఏ పద్యమో ముందు చెప్పాడు గాబట్టి వీడు పుస్తకం పట్టుకుని ఎత్తుకున్నాడు. క్లాసంతా నోళ్ళు తెరిచారట. మాస్టారు కూడా కళ్ళు మూసుకుని విన్నాడట. కళ్ళు తెరిచి దగ్గరికొచ్చి చూస్తే పుస్తకం వేరే పేజీ తెరిచి ఉంది.

చదవకుండా చదివినట్టు నటించాడని ఆ రోజు వాడికి తగిలిన దెబ్బలు సరే. దెబ్బల మధ్య ఆ మాస్టారు అన్న మాట ఇది: "మీకు గొంతులుంటయ్యిరా, బుర్రలుండవు." అరనిమిషం ముందు ఆ గొంతుకు కళ్ళు మూసుకున్న మనిషే అన్నాడు. ఒక్క అక్షరం తప్పు పోకుండా పదహారు పద్యాలు దాచుకున్నది బుర్ర కాకపోతే మరేందో ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు.

నేనప్పుడు సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుతున్నాను. సెలవలకు ఇంటికొస్తే వాడికి చదువు చెప్పే పని నాది. చింతబరికె పక్కన పెట్టుకుని చెప్పేవాణ్ణి. పల్లెలో మొదటి పదో తరగతి నేనే అవుతానని అందరూ అంటుంటే నాకు లోపల ఒక బెదురు ఉండేది. వీడు చదవలేకపోతే ఊరోళ్ళ మాట నిజమవుద్దని. నేను ఒక్కణ్ణే పొరపాటున పుట్టినట్టు అవుద్దని. ఆ బెదురే బరికె పట్టుకుంది. వాడు 'వ'ను 'ప' అన్నప్పుడల్లా నేను కొట్టింది మా తమ్ముణ్ణి కాదని, నా వెనక నిలబడి నవ్వుతున్న ఊరినని అప్పుడు అనుకున్నాను. వీపు మాత్రం వాడిదే.

వాడు ఏడో తరగతి పరీక్ష రెండుసార్లు తప్పి ఆసామి కొట్టంలో చేరాడు.

నేను పుట్టిన 1961 జనాభా లెక్కల్లో ఈ దేశంలో షెడ్యూల్డు కులాల అక్షరాస్యత 10.27 శాతం. ఈ అంకె ముందు పెట్టుకుని ఆలోచించండి. నూటికి తొంభై మందికి అక్షరం అందని చోట ఎవరికి బడి లేక చదువు రాలేదో, ఎవరికి బడి ఉన్నా అక్షరం నిలవలేదో ఎవరు తేల్చగలరు? మా నాయనకు వేలిముద్ర. ఆయనకూ మా తమ్ముడి లాంటి బుర్రే ఉందేమో. ఈ ఇబ్బంది కుటుంబాల్లో దిగి వస్తుందని ఇప్పుడు చెప్తున్నారు. ఆయన్ని పరీక్షించాలంటే ముందు ఆయన చేతికి ఒక పలక ఇచ్చి ఉండాలి గదా. ఇక్కడ ఏకలవ్యుడి బొటనవేలు మాట వస్తుందని మీరు అనుకుంటారు. ఎత్తను. మనం ఎత్తి ఎత్తి అది అరిగిపోయింది.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. బాధితులు చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. మా పల్లె నుంచి మేమందరం పోయాం. నేను కరపత్రాలు రాసేవాళ్ళలో ఉన్నాను. మా తమ్ముడు పాడేవాళ్ళలో ఉన్నాడు. వాడు పాట ఎత్తుకుంటే ఏడ్చే ఆడవాళ్ళు ఏడుపాపి లేచి నిలబడటం నేను కళ్ళారా చూశాను. ఒకరోజు ఏదో వినతిపత్రానికి అందరూ సంతకాలు పెడుతున్నారు. వాడు వేలిముద్ర వేశాడు. "ఇంత పాట పాడేవాడివి, సంతకం నేర్చుకోకూడదా తమ్ముడూ" అన్నాడు మనవాడే ఒకాయన, ప్రేమగానే. వాడు నవ్వాడు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎవరిని చూసి అనేది నాకు పాతికేళ్ళకు గాని అర్థం కాలేదు.

మన ఉద్యమాలన్నీ అక్షరం చుట్టూ తిరిగాయి. తిరగాలి. అక్షరం లేక మనం అప్పుపత్రాల్లో మోసపోయాం, కోర్టుల్లో మోసపోయాం. 1848లో పూనాలో ఫూలే దంపతులు బడి పెట్టినప్పటి నుంచి ఆ దారి మనది. దాని మీద నాకు పేచీ లేదు. కానీ దారిలో ఎక్కడో ఒక మాట మన నోటికి అంటుకుంది. అక్షరం ఉన్నవాడు తెలివైనవాడు, లేనివాడు ఇంకా మేలుకోనివాడు. మను ధర్మం పెట్టిన కొలబద్దనే తీసుకుని, చూడండి మేమూ ఈ కొలతకు సరిపోతాం అని నిరూపించుకుంటూ వచ్చాం. సరిపోని మా తమ్ముణ్ణి ఎక్కడ పెట్టాలో తెలియక వేదిక మీద పెట్టి పాడించుకున్నాం. సభ అయిపోయాక వాడు గొడ్లకొట్టానికి, మేము కమిటీ మీటింగుకు.

నేను 1986లో ఎలిమెంటరీ స్కూలు టీచరునయ్యాను. 2008లో సర్వశిక్షా అభియాన్ వాళ్ళు సహిత విద్య మీద మూడు రోజుల శిక్షణ పెట్టారు. అంతకు ముందు ఏడాది వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమా వేసి చూపించారు. బొంబాయి అపార్టుమెంటులో ఉండే పిల్లవాడు, అక్షరాలు నాట్యం చేస్తున్నాయంటాడు. హాల్లో టీచర్లు కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు ఏడుపు రాలేదు. చింతబరికె గుర్తొచ్చి అరచెయ్యి చెమటపట్టింది.

డిస్లెక్సియా అనే మాట ఆ మూడు రోజుల్లోనే మొదటిసారి విన్నాను. తర్వాత దొరికినకాడికి చదివాను. 1896లో ఇంగ్లాండులో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు పద్నాలుగేళ్ళ పిల్లవాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. ఏడేళ్ళ వయసు నుంచి ఎంతమంది నేర్పినా చదవలేడు, తన పేరు 'పెర్సీ'ని 'ప్రెసీ' అని రాస్తాడు. పాఠాలన్నీ నోటితో చెప్తే బడి మొత్తానికి వీడే చురుకైనవాడు అవుతాడని వాడి మాస్టారు అన్నాడట. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూశాను. ఆ మాస్టారు దొరికిన పిల్లవాడికి, మా తమ్ముడికి తేడా ఏందంటే ఒకే ఒకటి. వాడి తెలివిని అనుమానించాలనే ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1975లో అమెరికాలో వికలాంగ బాలల చదువు కోసం చట్టం చేశారు. గొప్ప చట్టమే. అందులో ఈ లోపానికి ఇచ్చిన నిర్వచనం చివర ఒక మినహాయింపు ఉంది. ఇబ్బందికి ముఖ్య కారణం పేదరికమో, పరిసరాలో, సంస్కృతిలో వెనకబాటో అయితే ఇది ఈ లెక్కలోకి రాదని. కాగితం మీద చూస్తే న్యాయంగానే కనపడుద్ది. పేదవాడికి కావాల్సింది మంచి బడి, వైద్యం కాదు అని. కానీ పిల్లవాడు పేదవాడూ అయి, అక్షరం నిలవనివాడూ అయితే? కలిగినింటి పిల్లవాడు చదవలేకపోతే కారణం వెతుకుతారు. మా పిల్లలకు కారణాలు పుట్టక ముందే సిద్ధంగా ఉంటాయి. తండ్రి తాగుతాడు. తల్లి కూలికి పోద్ది. ఇంట్లో పుస్తకం లేదు. ఇంకా వెతికేదేముంది?

శిక్షణ నుంచి వచ్చి మా తమ్ముడికి చెప్పాను. నీది మొద్దుతనం కాదురా, దానికి ఒక పేరుంది, లోకంలో చాలామందికి ఉంటది, తెలివికీ దానికీ సంబంధం లేదు అని. వాడు బీడీ ముట్టించుకుని అంతా విన్నాడు. "పేరు ఇప్పుడు దొరికిందా అన్నా? అప్పుడు నువ్వు ఒకటి పెట్టావుగా, అదే అలవాటైపోయింది" అన్నాడు. కోపంగా అన్లేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి.

2016లో మూడో తరగతిలో ఒక పిల్ల వచ్చింది నా దగ్గరికి. మన పల్లె పిల్లే. నోరు విప్పితే గలగలా సెలయేరు, పుస్తకం విప్పితే బండరాయి. 'చిలక' అని రాయమంటే 'చికల'. నాకు వెంటనే తెలిసిపోయింది. ఈసారి తప్పు చెయ్యకూడదనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు, చదవమని బలవంతపెట్టలేదు. ప్రార్థనలో పాట ఆమెతోనే పాడించాను. పాఠం చదివే వంతు వస్తే పక్కపిల్లకు ఇచ్చి, నువ్వు కథ చెప్పమ్మా అనేవాణ్ణి. పిల్ల సంతోషంగా ఉంది. నేను ఇంకా సంతోషంగా ఉన్నాను. నా పాపం కడుక్కుంటున్నాను గదా.

ఒక సాయంత్రం వాళ్ళమ్మ కూలి నుంచి నేరుగా బడికొచ్చింది. కాళ్ళకు బురద ఆరలేదు. గుమ్మం బయటే నిలబడి, "సారూ, మా పిల్ల చేత పాటలు పాడిస్తన్నారంట. పాట మా ఇంటో ఉంది సారూ, దానికి బడికెందుకు పంపాల? మా ఇంటో లేంది చెప్పండి" అంది.

నేను డిస్లెక్సియా గురించి చెప్పబోయాను. నాలుగు మాటలయ్యాక నా గొంతు నాకే వినపడింది. నీ పిల్లకు అక్షరం రావడం కష్టం, గొంతు బావుంది, అది చాలు అంటున్నాను. గొంతులుంటయ్యి, బుర్రలుండవు. అదే మాట, తేనె పూసి. 1953లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం పిల్లలు ఒక పూట బడికి, ఒక పూట తండ్రి పనికి పోవాలని పద్ధతి పెడితే కులవృత్తి చదువని అరవనాట తిరగబడి పెరియార్ మనుషులు ఎండగట్టారు, మరుసటి ఏడే అది పోయింది. ఎవరికి ఏది వస్తే అదే నేర్పాలి అనే మాట అందమైన మాట. కానీ ఆ 'ఏది వస్తే అది' అనేది మన పిల్లల విషయంలో ఎప్పుడూ డప్పూ, చెప్పూ, పాటా, పాలేరుతనమే ఎందుకు అవుద్ది? కొట్టి చదవనివ్వకపోవడం ఒకటి, జాలిపడి చదవనివ్వకపోవడం ఒకటి. రెండోదానికి చప్పుడుండదు, అంతే.

మర్నాటి నుంచి మొదలుపెట్టాను. ఎట్టాగో తెలిసి కాదు, చదివిందీ తోచిందీ కలిపి. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. మనకు గుణింతాలూ ఒత్తులూ కలిస్తే పిల్ల గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. అన్నీ ఒక్కసారి పెట్టకుండా వారానికి రెండు. ముందు చెవి, తర్వాత చెయ్యి, ఆఖర్న కన్ను. 'చిలక'లో ఎన్ని చప్పుళ్ళు? మూడు చింతపిక్కలు పెట్టు. మొదటి పిక్క తీసేస్తే ఏం మిగిలింది? 'లక'. ఆఖరిది తీసేస్తే? తర్వాత ఇసుకలో వేలితో రాస్తూ పైకి అనడం. అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ అనేవాళ్ళు ఇట్టాంటి పిల్లలకు కన్నూ చెవీ చెయ్యీ మూడూ కలిపి నేర్పాలని పద్ధతి కట్టారు. ఇసుకలో రాయడం మాత్రం వాళ్ళకు ముందునుంచీ మనకుంది. మద్రాసు ఎగ్మూరులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే దొర 1790ల ప్రాంతంలో ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వేళ్ళతో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని ఇంగ్లాండు తీసుకుపోయాడు. మన పద్ధతి అని ఛాతీ విరుచుకోబోయి ఆగాను. ఆ ఇసుకలో మనోళ్ళ వేళ్ళు పడనిచ్చారా?

ఒక చిక్కు చెప్పాలి, టీచర్లయ్యే పిల్లలు ఇది చదువుతారు గాబట్టి. మన పల్లెపిల్ల 'భారతం'ను 'బారతం' అని రాస్తే అది లోపం కాదు. మన నోళ్ళల్లో ఒత్తు పలకదు, పిల్ల చెవి సరిగ్గా విన్నదే రాసింది. 'ఏమిటి' బదులు 'ఏంది' అని చదివితే అదీ లోపం కాదు, అర్థం తెలిసి తన భాషలోకి మార్చుకుంది. పాఠ్యపుస్తకం మన ఇంటి తెలుగులో లేదు, అంతే. కానీ 'బడి'ని 'డబి' అని రాసిందనుకోండి, నెలలు గడిచినా అట్టాగే రాస్తుందనుకోండి, అది వేరు. ఈ రెండిటినీ కలిపేసి అన్నిటికీ ఒకటే ఎర్రసున్నా చుట్టే పంతులు భాషకూ ద్రోహం చేస్తాడు, పిల్లకూ ద్రోహం చేస్తాడు. నేను ఇరవై ఏళ్ళు చుట్టాను.

రెండేళ్ళు పట్టింది ఆమె ఒక పేజీ తనంతట తను చదవడానికి. ఇంగ్లీషు వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చాం. రాసేది ఒకటి, పలికేది ఒకటి అయిన ఆ భాష ఇట్టాంటి పిల్లలకు ముళ్ళకంప. మన పిల్లలకు ఇంగ్లీషు మీడియం కావాలని జెండా పట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. తీసుకోకుండానే ఆ పిల్ల ముందు తలొంచుకుని కూచున్నాను.

ఈ లోగా 2016 డిసెంబరులో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 1995 చట్టంలో ఏడు వైకల్యాలే ఉంటే ఇందులో ఇరవై ఒకటి. మా తమ్ముడిది మొదటిసారి చట్టంలోకి ఎక్కింది. పరీక్షలో అదనపు సమయం, చెప్తే రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు, అన్నీ 17వ సెక్షన్లో ఉన్నాయి. పిల్ల తొమ్మిదిలో ఉండగా సర్టిఫికెట్టు కోసం పెద్దాసుపత్రికి పోయాం. కూలి పోగొట్టుకుని వాళ్ళమ్మ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ నేను. లోపల ఒకాయన తల్లి ఏం చదివిందని అడిగాడు. చదవలేదంది. తండ్రి? చదవలేదు. ఇంట్లో చదివించేవాళ్ళు లేకే ఇట్టా ఉంది, ట్యూషన్ పెట్టించండి, సరిపోద్ది అన్నాడు. మేము పోయి అరగంట కాలేదు. సముద్రాలు దాటి 1975 నాటి ఆ మినహాయింపు ఆ గదిలో కుర్చీ వేసుకుని కూచుంది. చదువుకోనివ్వని నేరం ఎవరిదో గాని, దాని గుర్తు పిల్ల వైకల్యాన్ని కూడా మింగేసింది.

మళ్ళీ పోయాం. మూడుసార్లు పోయాం. ఆఖరికి పరీక్ష పెట్టారు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అప్పట్లో ముందు తెలివితేటలు కొలవాల్సి ఉండేది, 85 దాటితేనే ఈ లోపం ఉందో లేదో చూసేవాళ్ళు. పిల్ల దాటింది. నేను సంతోషంతో బయటికొచ్చి బస్టాండులో ముగ్గురికీ సోడాలు కొన్నాను. బస్సులో కూచున్నాక కడుపులో తిప్పింది, సోడా వల్ల కాదు.

దాటకపోతే?

ఇంతసేపూ నేనూ అదే చేశాను. ఈ వ్యాసం మొదట్లో మా తమ్ముడి పద్యాలు ఎందుకు చెప్పాను? వాడు తెలివైనవాడని మీకు సాక్ష్యం చూపించడానికి. అక్షరం రాకపోయినా చూడండి, ఎంత బుర్రో అని. అంటే వాడికి పద్యాలు కూడా రాకపోయి ఉంటే నేను కొట్టిన దెబ్బలు చెల్లేవా? మా పల్లెలో పద్యం రాని, అక్షరం రాని, ఏదీ చప్పున అందుకోలేని పిల్లలు ఎంతమంది లేరు. వాళ్ళ కోసం ఏ డాక్టరూ పత్రికలో రాయలేదు, ఏ సినిమా తియ్యలేదు. తెలివైన పిల్లలు నలిగిపోతున్నారనే వాదన గుండెను తాకుద్ది. తాకడానికి కారణం, తెలివిలేని పిల్లలు నలిగితే ఫర్లేదని మనం లోపల ఒప్పుకుని ఉండటమే. కులం కూడా ఇదే గదా చెప్పింది మనకు. మీరూ మనుషులేనని నిరూపించుకోండి, తర్వాత చూద్దామని. నా దగ్గర దీనికి సిద్ధంగా సమాధానం లేదు. సర్టిఫికెట్టు వద్దని చింపెయ్యనూ లేను. పిల్లకు పరీక్షలో గంట ఎక్కువ సమయం కావాలి.

చెప్తే రాసిపెట్టే మనిషిని ఇస్తామన్నారు. పిల్ల వద్దంది. తనే రాస్తానంది. పాసైంది. ఎన్ని మార్కులో చెప్పను, నేను వదిలించుకోవాలని చూస్తున్న లెక్కే అది.

పరీక్షకు ముందు రోజుల్లో సాయంత్రాలు మా ఇంటికొచ్చి చదివేది. మా తమ్ముడు కూడా వచ్చి అరుగు మీద కూచునేవాడు, బీడీ కోసమని వాడు అంటాడు. ఒకరోజు ఆమె చేతికి జాషువా పద్యాల పుస్తకం ఇచ్చాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోతోంది. ఒక పాదానికి నాలుగు నిమిషాలు పడుతోంది. మా తమ్ముడికి ఆ పద్యం గొంతులో తన్నుకొస్తోంది. ఆమె ఒత్తు దగ్గర ఆగినప్పుడు వాడు ఉండబట్టలేక అందిచ్చాడు, చిన్నప్పుడు చీకట్లోంచి అందిచ్చినట్టే.

పిల్ల వేలు తియ్యకుండానే తలెత్తింది.

"నువ్వు చెప్పబాక తాతా. నన్ను చదవనీ."